వెబ్‌సైట్ బాగోలేదన్నది కాదు, మీరు ఎప్పుడు అడిగారన్నదే కేసు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర పల్లె. పుట్టుకతో చూపు లేదు. బీఈడీ చేశాను, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వేసుకుని నా పనులు నేనే చేసుకుంటాను. ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయబోతే మెనూ మౌస్ పెడితేనే తెరుచుకుంటోంది, ట్యాబ్ నొక్కితే దాన్ని దాటిపోతోంది. గడువుకు ముందు రోజు హెల్ప్‌డెస్క్‌కి రెండుసార్లు ఫోన్ చేస్తే "పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో" అన్నారు. గడువు పోయింది. ఐదు నెలలుగా నిద్ర లేదు. వాళ్లకు శిక్ష పడాలి, నాకు అవకాశం రావాలి. పాత తేదీతో ఫిర్యాదు లెటర్ తయారుచేసి కోర్టులో పెడదామని నెట్ సెంటర్ స్నేహితుడు అంటున్నాడు.

జవాబు: బాబూ, మూడు పేజీలు రాశారు. మీ కేసుకి పనికొచ్చేది అందులో ఒక్క వాక్యమే: గడువుకు ముందు రోజు రెండుసార్లు ఫోన్ చేశాను అన్నది. మిగతాదంతా మీ బాధ, దాన్ని నేను కాదనను, కానీ బాధ మీద ఆర్డర్ రాదు.

ఎందుకంటే చట్టం మీ వైపే ఉంది, దాని గురించి పెద్దగా వాదించాల్సిన పని లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందేలా చూడమని ప్రభుత్వానికే చెప్పింది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చింది. ఒక్క జాగ్రత్త. పిటిషన్ మొత్తాన్ని ఆ చట్టం కింద వచ్చిన 2017 రూల్స్‌లోని 15వ రూల్ (సౌకర్యాల ప్రమాణాలు చెప్పేది) మీద నిలబెట్టకండి, 2024 నవంబర్‌లో రాజీవ్ రాతూరి కేసులో ఆ 15(1) రూల్ చట్టానికే విరుద్ధంగా ఉందని కోర్టు చెప్పింది, అవతలి వకీలు దాన్నే పట్టుకుని సాగదీస్తాడు. మీకు అండ 2016 చట్టం 3(5) సెక్షన్, అంటే మనిషి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయించాల్సిన బాధ్యత. అయితే అడిగినవాడికి కదా సర్దుబాటు చేసేది! "వేలమంది అప్లై చేశారు, ఈయన మాకు చెప్పనే లేదు, గడువు పోయాక వచ్చాడు" అంటారు వాళ్లు. చెప్పానని చూపించగలిగితే మీరు గెలుస్తారు, లేకపోతే లేదు.

చూపించగలరా? ఫోన్ మార్చానని, పాత కాల్ లిస్టు పోయిందని రాశారు. ఒక్క మెయిల్ పెట్టలేదు. బీఈడీ చదివిన మనిషి, రోజంతా కంప్యూటర్ దగ్గర ఉండే మనిషి, ఆ రాత్రి నాలుగు లైన్లు టైప్ చేసి పంపలేకపోయారా? సరే, ఇంకా దారి ఉంది. మీ సిమ్ ప్రీపెయిడ్ అయినా సరే, ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం కంపెనీ వాళ్లు కాల్ వివరాలు 50 రూపాయలకు మించకుండా తీసుకుని 30 రోజుల్లో ఇవ్వాలి. కానీ అడిగిన నెలకు ముందు ఆరు నెలలవి మాత్రమే. మీకు ఐదు నెలలు అయిపోయాయి, లెక్క మీరే వేసుకోండి. ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి.

ఇక ఆ స్నేహితుడి సలహా. అది వినకండి, ఆ లెటర్ డ్రాఫ్ట్ కూడా తయారు చేయకండి. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. పైగా ఫైల్ ఎప్పుడు తయారైందో కంప్యూటరే చెబుతుంది. ఆ లెటర్ ఒక్కటి దొరికితే మీరు నిజంగా చేసిన ఫోన్ కాల్స్‌ని కూడా ఎవరూ నమ్మరు.

మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. వాటిలో మెనూ చక్కగా, రంగురంగులుగా ఉంది. జడ్జిగారికీ అలాగే కనిపిస్తుంది! లోపం బొమ్మలో ఉండదు, ట్యాబ్ నొక్కినప్పుడు వినిపించేదాంట్లో ఉంటుంది. సైట్‌ని రేపో మాపో మార్చేస్తారు కాబట్టి ఇవాళే స్క్రీన్ రికార్డింగ్ చేయండి, ఎన్‌వీడీఏ గొంతు స్పష్టంగా వినపడాలి, అడ్రస్ బార్, తేదీ, టైమ్ కనపడాలి, ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కితే ఎక్కడికి దూకిందో మీరే పైకి చెప్పండి. చూపున్న మనిషినొకరిని సాక్షిగా పక్కన పెట్టుకోండి, ఆయన మౌస్‌తో అదే మెనూ తెరిచి చూపించాలి. ఒరిజినల్ ఫైల్‌ని వాట్సాప్‌లో పంపి నాశనం చేయకండి, పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. అలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అందులో రెండో భాగం నిపుణుడు సంతకం చేయాల్సింది. పాత సాక్ష్య చట్టం కింద వాడిన 65బి ఫారం ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి, ఫీజు 10 రూపాయలే: ఈ సైట్‌కి ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల ప్రకారం ఎస్‌టీక్యూసీ (వెబ్‌సైట్ల నాణ్యత పరీక్షించే కేంద్ర ప్రభుత్వ విభాగం) సర్టిఫికెట్ ఉందా, ఆడిట్ ఎప్పుడు జరిగింది, దివ్యాంగుల ఫిర్యాదులు చూసే అధికారి ఎవరు అని. 2016 చట్టం 23వ సెక్షన్ కింద అలాంటి అధికారి ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఉండాలి.

శిక్ష అన్నారు, అదే చట్టం 89వ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకి జరిమానా పదివేల దాకా, దానివల్ల మీకు పోస్టు రాదు. మీకు కావాల్సింది రిట్, అంటే ప్రభుత్వ సంస్థకు ఆదేశం ఇవ్వమని హైకోర్టులో వేసే పిటిషన్. దానికి ఇన్ని రోజులని చట్టంలో గడువు రాసి లేదు కానీ ఆలస్యం చేస్తే హైకోర్టు వినదు, ముఖ్యంగా సెలెక్షన్ లిస్టు వచ్చేశాక. నోటిఫికేషన్ మొత్తం కొట్టేయమని అడగకండి, మీ దరఖాస్తు తీసుకోమని, వీలుకాకపోతే వచ్చే నోటిఫికేషన్‌లో వయసు సడలింపు ఇవ్వమని అడగండి. అంతకంటే ముందు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆయన సిఫార్సు చేస్తే మూడు నెలల్లో ఏం చేశారో సంస్థ చెప్పాలి. కానీ ఆ మూడు నెలలూ చేతులు కట్టుకుని కూర్చోకండి, రెండూ పక్కపక్కన నడవనివ్వండి.

వకీలు ఫీజు టెన్షన్ పడ్డారు కదా, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్. శ్రీకాకుళం జిల్లా కోర్టు దగ్గరే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. వైకల్య ధ్రువపత్రం, నోటిఫికేషన్ కాపీ, ఆ పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్లండి. కాల్ లిస్టు వచ్చే దాకా ఆగకండి, వచ్చాక దాన్ని వెనక జత చేయొచ్చు.