రొయ్యల పెంకు పట్టీ నాయనకు వద్దట!

ప్రశ్న: మా నాయనకు డయాలసిస్ చేయిస్తున్నాం. సూదులు తీశాక రక్తం ఒక పట్టాన ఆగదు. ఈ మధ్య తెల్లటి పట్టీ ఒకటి పెడుతుంటే తొందరగా ఆగుతోంది. అది రొయ్యల పెంకుతో చేస్తారని అక్కడి కుర్రాడు అన్నాడు. మేం శాకాహారులం, నాయన వద్దంటున్నారు. పక్క మంచం ఆయనకేమో రొయ్యలు పడవు, ఆయనా భయపడుతున్నాడు.
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, కుర్రాడు చెప్పింది సగం నిజం. పట్టీలో ఉండేది పెంకు కాదు, దాని నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థం. ఫార్మసీ పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో దీన్ని ల్యాబ్‌లో చేయించేవాణ్ణి. నెల్లూరు వైపు నుంచి తెప్పించిన పెంకుల పొడిని పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే బుసబుసా పొంగి సున్నం పోతుంది. పలుచటి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే ప్రోటీన్లు పోతాయి. ఆ వాసనకు కారిడార్ అంతా ముక్కు మూసుకునేది! మిగిలేది కైటిన్. నీళ్లలో కరగని మొండిఘటం. దాన్నే 40-50 శాతం కాస్టిక్ సోడాలో మళ్లీ కాస్తే, అణువుకు అంటుకున్న అసిటైల్ గుంపులు చాలావరకు ఊడిపోయి నైట్రోజన్ ఉండే అమైన్ గుంపులు బయటపడతాయి. అదే కైటోసాన్. ఇక అది వెనిగర్ లాంటి బలహీన ఆమ్లంలోనూ కరుగుతుంది. పొరగానో, దారంగానో, స్పాంజిలాగానో మలుచుకోవచ్చు.

అసలు పనిమంతులు ఆ అమైన్ గుంపులే. వాటిది ధనావేశం, ఎర్ర రక్తకణాల పైపొరది రుణావేశం. రెండూ అతుక్కుని గాయం మీద బంకముద్ద కడతాయి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, మీ నాయనకు రక్తం తొందరగా ఆగకపోవడానికి అదొక కారణం. ఈ పట్టీ ఒంట్లో గడ్డకట్టే ప్రక్రియ మీద ఆధారపడదు కాబట్టి హెపారిన్ ఉన్నా పని చేస్తుంది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో అమెరికా సైనికులు ఈ రకం పట్టీలు కూడా వాడారు. అయితే సెంటర్ వాళ్లు చెప్పినంతసేపు నొక్కి పట్టాల్సిందే. తీసేటప్పుడు లాగొద్దు, బాగా తడిపి తీయించండి.

రొయ్యలు పడకపోవడానికి ముఖ్య కారణం ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్, కైటిన్ కాదు. శుద్ధిలో ప్రోటీన్ చాలావరకు పోతుంది. అయినా పక్క మంచం ఆయన్ను ఆ సంగతి డాక్టరుకు చెప్పి కేస్ షీట్‌లో రాయించుకోమనండి.

ఇక ఆచారం మాట. 1811లో ఫ్రాన్సులో బ్రాకొనో అనే శాస్త్రవేత్త కైటిన్‌ను మొదట కనుక్కున్నది పుట్టగొడుగుల్లో. శిలీంధ్రాల నుంచి తీసిన కైటోసాన్ కూడా ఉంది. అలాంటి పట్టీ దొరుకుతుందేమో సెంటర్‌లో అడగండి. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెబుతున్నా: ఆ హెపారిన్‌ను సాధారణంగా పంది పేగుల నుంచి తీస్తారు. మందుల షాపులో చాలా క్యాప్సూళ్ల తొడుగు జెలటిన్, అది పశువుల ఎముకలు, చర్మాల నుంచి వచ్చేది. అవన్నీ సాగుతుండగా పట్టీ ఒక్కదానికే అడ్డు చెప్పడం నాకు సబబనిపించలేదు. ఈ ముక్క నాయన చెవిన వేయాలో లేదో మీ ఇష్టం. వేస్తే, డాక్టర్ని అడగకుండా హెపారిన్ ఆపమనకుండా చూసుకోండి.

ప్రశ్న: కైటోసాన్ మాత్రలతో బరువు తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: గట్టిగా చేసిన పరీక్షల్లో తేలింది నామమాత్రపు తగ్గుదలే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లయితే ఆ మాత్రల జోలికే పోవద్దు. ఆ డబ్బుతో మంచి నడక చెప్పులు కొనుక్కోండి.