ఓడతో పాటే మునిగిపోయిన నేవీ కెప్టెన్ ఎవరు, ఆయన కెరీర్ ఏంటి?

కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా. మా కడప నుంచి ఎటు పోయినా సముద్రం దూరమే, అందుకే ఇక్కడ ఎన్‌సీసీ పిల్లలకు కూడా ఈ పేరు పెద్దగా తెలీదు. 1926లో గోరఖ్‌పూర్‌లో పుట్టాడు, 1948లో నేవీలో ఆఫీసరయ్యాడు, 1965 నుంచి 67 దాకా లండన్‌లో మన హైకమిషన్‌లో డిప్యూటీ నేవల్ అడ్వైజర్. 1971 యుద్ధం నాటికి ఐఎన్‌ఎస్ ఖుక్రీ కెప్టెన్.

డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో తగిలి ఖుక్రీ నిమిషాల్లోనే మునిగిపోయింది. అసలు ఖుక్రీ పనే జలాంతర్గాములను వేటాడటం, వేటగాడే వేటకు దొరికాడన్నమాట. ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికిచ్చేసి, దొరికినవాళ్లను దొరికినట్టు నీళ్లలోకి దూకించి, తను మాత్రం బ్రిడ్జి మీదే, అంటే ఓడను నడిపే చోటే, ఉండిపోయాడు. చివరిసారి చూసినప్పుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ఆయనతో కలిపి 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. తర్వాత మహావీర్ చక్ర ఇచ్చారు. చాలామంది పరమవీర్ చక్ర అని రాస్తుంటారు, అది తప్పు. డయ్యూ వెళ్తే ఖుక్రీ స్మారకం చూడొచ్చు.