స్మాల్‌పైప్స్‌కి రెగ్యులేటర్లు పెట్టించుకోవచ్చా?

నార్తంబ్రియన్ స్మాల్‌పైప్స్ అంటే ఉత్తర ఇంగ్లండ్‌కి చెందిన చిన్న బ్యాగ్‌పైప్. దానికి ఐర్లండ్ బ్యాగ్‌పైప్ అయిన ఇల్లన్ పైప్స్‌లాగా రెగ్యులేటర్లు (మీట నొక్కితే మోగే అదనపు గొట్టాలు) పెట్టిస్తే పాటతో పాటు కార్డ్స్ (ఒకేసారి కలిసి మోగే స్వరాలు) కూడా వాయించుకోవచ్చా అని అడిగారు. పెట్టించుకోవచ్చు గానీ, నా మాట విని ఆ పని చేయకండి. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర ఉంటూ కొన్నేళ్లుగా ఈ వాద్యమే వాయిస్తున్నాను.

ఇల్లన్ పైప్స్‌లో రెగ్యులేటర్లు ఎంత అందంగా పలుకుతాయో ఐరిష్ పైపర్ లియో రౌసమ్ రికార్డింగులు వింటే తెలుస్తుంది. అక్కడ అవి కుడి తొడ మీద అడ్డంగా ఉంటాయి, చాంటర్ (పాట వాయించే గొట్టం) కూడా తొడ మీదే ఆనుతుంది. అందుకే పాట వాయిస్తున్న చెయ్యే మణికట్టు అంచుతో మీట నొక్కేస్తుంది. మన స్మాల్‌పైప్స్‌లో చాంటర్‌కి ఆనుడు ఉండదు, డ్రోన్లు (ఎడతెగకుండా శ్రుతి పలికే గొట్టాలు) ఛాతీకి అడ్డంగా ఉంటాయి, కుడి బొటనవేలికి చాంటర్ మీటలతోనే సరిపోతుంది. ఇంక దేంతో నొక్కుతారు?

పోయిన చలికాలం ఒకాయన అలాంటి సెట్టే తెచ్చి నా చేతికిచ్చాడు. తొడ మీదకి వచ్చేలా బిగించిన ఒక రెగ్యులేటర్, దానికి నాలుగు ఇత్తడి మీటలు. నిదానమైన పాట ఒకటి ఎత్తుకున్నాను. మొదటి మీట నొక్కగానే ఎడమ చంకలో గాలి సంచి మెత్తబడిపోయింది, పాటలోని స్వరం జారి అపస్వరం పలికింది. సంచికి గాలి కొట్టే తిత్తిని కుడి మోచేతితో కొలిమి తిత్తి ఊదినట్టు ఊదాల్సి వచ్చింది. అంతకంటే బాధ కలిగించింది ఇంకోటి ఉంది. మన చాంటర్ కింది కొస మూసి ఉంటుంది కాబట్టి ఒక స్వరం ఆగాకే ఇంకోటి మొదలవుతుంది. మధ్యలో ఆ కాస్త నిశ్శబ్దమే దీని ప్రాణం. రెగ్యులేటర్ మోత ఆ ఖాళీలన్నీ పూడ్చేసింది.

పైగా రీడ్ల (గొట్టాల్లో గాలికి అదిరి మోగే పలుచని బద్దల) గొడవ. ఇంట్లో హీటర్ వేస్తే చాలు, ఉన్న రీడ్లే ఎండి మొండికేస్తాయి. కొత్త రీడ్ కావాలంటే చేసేవాళ్ల కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. వాటికి ఇంకో జంట రీడ్ తోడెందుకు?

వీధి భాగవతాల్లో మేకతోలు తిత్తి శ్రుతి వింటూ పెరిగాను. శ్రుతి కదలకుండా నిలబడితేనే పాట నిలబడుతుంది. పాటకి తగ్గట్టు శ్రుతి మార్చాలంటే డ్రోన్ల మీద ట్యూనింగ్ పూసలు ఉన్నాయి, తిప్పితే ఒక మెట్టు పైకి పోతుంది. హార్మొనీయే కావాలంటే పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టుకోండి. ఈ ప్రాంతంలో ఇద్దరు కలిసి వాయించడం పాత పద్ధతే. మోర్పెత్ ఊళ్లో 13వ శతాబ్దపు చాంట్రీ (చిన్న ప్రార్థనాలయం) భవనంలో బ్యాగ్‌పైప్ మ్యూజియం ఉంది, అక్కడ అడిగితే వాయించేవాళ్ల ఆచూకీ తెలుస్తుంది. కాకపోతే వాళ్ల సెట్ పిచ్ (శ్రుతి) ఎంతో ముందే కనుక్కోండి. పాశ్చాత్య స్వరాల లెక్కలో పాత సెట్లు ఎఫ్ కంటే కాస్త పైన ఉంటాయి, కొన్ని జీలో ఉంటాయి. ఆ రెండూ కలిపి వాయించలేరు.