సైట్ ఇంజినీర్లకు ఎథిక్స్ క్లాసు ఎలా చెప్పాలి? - సమాధానం

సార్, గుంటూరులో ఏళ్ల తరబడి సైట్ చూసిన ఇంజినీర్లకు ఎథిక్స్ చెబుతుంటే ఫోన్లు చూసుకుంటున్నారని రాశారు. చూసుకోరా మరి! ముందు ఆ స్లైడ్లు పక్కన పడేయండి. తప్పేదో వాళ్లకు తెలుసు, కాంట్రాక్టర్ ఎదురుగా నిలబడి సంతకం పెట్టమన్నప్పుడు ఏం మాట్లాడాలో తెలియదు, అంతే.

మొదట ఒక నిజం కేసు చెప్పండి: 1981లో అమెరికాలోని కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్లో ఒకదాని కింద ఒకటి వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది పోయారు. వాటిని పైకప్పుకు వేలాడదీయడానికి పైనుంచి కిందిదాకా ఒకే రాడ్ ఉండాల్సింది, పని సులువు కోసం రెండు రాడ్లు చేశారు, దాంతో పై వంతెన నట్టు మీద బరువు రెట్టింపైంది, అయినా ఆ డ్రాయింగుల మీద ఇంజినీర్ ముద్ర పడింది. తర్వాత ఇద్దరు ఇంజినీర్ల లైసెన్సులు పోయాయి. ఆ రాడ్ బొమ్మ బోర్డు మీద గీసి, ఎవరు ఎక్కడ ఆపాల్సిందో వాళ్లనే చెప్పమనండి.

తర్వాత మన దగ్గరి కేసు ఇవ్వండి: విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంట్, 28 రోజుల క్యూబ్ టెస్టులో (కాంక్రీటు దిమ్మను నలిపి చూసే పరీక్ష) బలం తక్కువొచ్చింది, పై శ్లాబు అప్పటికే పోసేశారు, ఓనరు గృహప్రవేశం కార్డులు పంచేశాడు. ఒకరు కాంట్రాక్టర్, ఒకరు ఇంజినీర్‌గా వాదించుకోవాలి, చివర్లో ఓనరుకు లెటర్ నిజంగానే రాయించండి, అసలు కష్టం అక్కడే బయటపడుతుంది. అన్నట్టు, వాళ్ల పై ఆఫీసర్ని మాత్రం ఆ గదిలో కూర్చోబెట్టకండి, ఒక్కరూ నోరు విప్పరు.