పీజీ హాస్టల్ మొదలుపెట్టే ముందు

చి. సురేష్‌కు, బాబాయి ఆశీస్సులు.

పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) పెట్టడానికి బెంగళూరు మారతహళ్లిలో ఐదంతస్తుల బిల్డింగ్ లీజుకు మాట్లాడుకున్నావని వదిన చెప్పింది. సంతోషం. కానీ ‘ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఏదో జరిమానా కట్టేద్దాం’ అన్నావట. ఆ ఆలోచన మానుకో నాయనా.

2024 జూలైలో కోరమంగల పీజీలోకి ఒకడు చొరబడి ఓ అమ్మాయిని చంపాక, ఆగస్టులో బీబీఎంపీ, అంటే అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ, పీజీలకు నిబంధనలు పెట్టింది. మనిషికి 70 చదరపు అడుగులు, రోజుకు 135 లీటర్ల నీళ్లు, సీసీ కెమెరాలు, 90 రోజుల ఫుటేజీ, అగ్నిమాపక శాఖ అనుమతి. టేపు పట్టుకుని కొలిచి చూడు. 12కి 14 గది 168 చదరపు అడుగులు, అంటే ఇద్దరికే. అందులో బంక్ బెడ్లు వేసి ‘ఫోర్ షేరింగ్’ అని బోర్డు పెడితే నీ లాభం లెక్క మొదటిరోజే తప్పు. అరవై మందికి రోజుకు 8,100 లీటర్లు కావాలి. సంపు అంత పడుతుందా, ఎండాకాలం ట్యాంకర్ ఎంతకొస్తుందో ఇప్పుడే అడుగు.

తర్వాత మెట్లు చూడు. చాలా పీజీల్లో గ్యాస్ సిలిండర్లు మెట్ల కింద పేరుస్తారు, దొంగల భయమని టెర్రస్ తలుపుకు తాళం వేస్తారు, కిటికీలకు తెరుచుకోని గ్రిల్స్ పెడతారు. రాత్రి రెండింటికి కింద మంటలంటుకుంటే పైవాళ్లు ఎటు పోతారు? పొద్దున అన్ని గీజర్లూ ఒక్కసారి వేస్తే వైరింగ్ తట్టుకుంటుందా, ఎలక్ట్రీషియన్‌తో చూపించు. ఈ ఖర్చుకు వెనకాడొద్దు.

ఇంగ్లండులో ఇలాంటి షేరింగ్ ఇళ్ల యజమాని భద్రతా నిబంధన తప్పితే, కోర్టుకు పోకుండానే స్థానిక కౌన్సిల్ ఒక్కో తప్పుకు 30,000 పౌండ్ల దాకా జరిమానా వేసేలా 2017లోనే చట్టం అమల్లోకి తెచ్చారు. ఇక్కడ జరిమానా చిన్నదని ధీమా పడకు. లైసెన్సు రద్దు చేసి సీల్ వేస్తే, ఓనర్‌కి అద్దె మాత్రం నువ్వు కడుతూనే ఉండాలి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు.

లీజు అగ్రిమెంటులో ఒక మాట రాయించు: బిల్డింగ్ కట్టడంలో లోపాలకు జరిమానా పడితే ఓనర్ కట్టాలి, నడపడంలో తప్పుకు నువ్వు. ఆయన ఒప్పుకోకపోతే ప్లాన్ ఒకటి, కట్టింది ఒకటి అయ్యుండొచ్చు. శాంక్షన్ ప్లాన్ కాపీ అడిగి తీసుకో. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి నీది దేని కిందికొస్తుందో కూడా కనుక్కో.

పిల్లల్ని తల్లిదండ్రులు మనల్ని నమ్మి వదిలి వెళ్తారు. కడప నుంచో నెల్లూరు నుంచో వచ్చి, ‘మనవాళ్ల పీజీ’ అని చేరతారు.

అగ్రిమెంటు డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపు. ఆదివారం వచ్చి ఆ మెట్లన్నీ ఎక్కి చూస్తాను. అందాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ బాబాయి