మ్యాట్ క్లియర్ కొట్టాక మోడల్‌పై తెల్లపొర: సమాధానం

మీ యుద్ధట్యాంకు బొమ్మ (మోడల్) ముదురు రంగుపై మ్యాట్ క్లియర్ (మెరుపు లేని పారదర్శక స్ప్రే పూత) ఆరాక తెల్లటి పొర కనిపించడానికి గాలిలోని తేమ గాని, స్ప్రే డబ్బా అడుగున పేరుకున్న మ్యాట్ పొడి (మెరుపు తగ్గించే పొడి) సరిగ్గా కలవకపోవడం గాని కారణమై ఉంటుంది.

1. రంగు తీసేయకండి. పొర పూర్తిగా ఆరాక గ్లాసీ క్లియర్‌ను (మెరిసే పారదర్శక పూతను) పలుచగా కొడితే తెలుపు చాలావరకు మాయమవుతుంది.

2. మళ్లీ మ్యాట్ కొట్టే ముందు చాలామంది వదిలేసే మెట్టు ఇది: డబ్బాలోని గోలీ చప్పుడు మొదలయ్యాక కూడా కనీసం 2 నిమిషాలు ఊపి, అదే రంగు వేసిన పనికిరాని ముక్కపై కొట్టి, అది పూర్తిగా ఆరిన తరువాతే మోడల్ జోలికి వెళ్లాలి. తడిగా ఉన్నంతసేపు అంతా బాగానే కనిపిస్తుంది; తెలుపు ఆరేటప్పుడే బయటపడుతుంది.

3. వాన ముసురు పట్టిన రోజున మ్యాట్ కొట్టకండి.

4. 20–30 సెంటీమీటర్ల దూరం నుంచి పలుచటి పూతలు వేయండి.