ముందు కాటా కొను

చి. అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. మీ మేడ మీంచి వదిలిన రిమోట్ బొమ్మ విమానం రెండు క్షణాలు బుద్ధిగానే వెళ్లింది. ఆ తరవాత ఎవరో చెంప మీద కొట్టినట్టు పక్కకి తిరిగి పక్కింటివాళ్ల కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుంది. వెనకాల మీ నాన్న నవ్వు కూడా వినపడింది. నవ్వనీ. తప్పులో సగమే విమానానిది, మిగతా సగం మేడది. మన కోనసీమలో ఎండాకాలం మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి తిరుగుతుంది. నువ్వు చేసిన రకం విమానం గంటకి పన్నెండు కిలోమీటర్లు పోతే గొప్ప. ఎదురుగాలి కూడా అంతే ఉందనుకో, ఎగురుతూనే ఉన్నచోటే ఉంటుంది. ఇంకాస్త గాలి రేగితే వెనక్కి పోతుంది. దాన్ని నాలుగు గోడల మధ్యే ఎగరెయ్యాలి తల్లీ.

"ఏ మోటారు కొనను మావయ్యా?" అని అడిగావు. మోటారు సంగతి తరవాత, ముందు కాటా కొను. గ్రాములో వందోవంతు చూపించే చిన్న జేబుకాటా, బంగారం పనివాళ్ల దగ్గర ఉంటుందే, అది. అంబాజీపేటలో ముప్పై ఏళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసినవాణ్ణి. బరువున్న టీవీయే మంచి టీవీ అనుకునే కాలం మాది. ఆ బుద్ధితోనే నా మొదటి ఇండోర్ విమానం, అంటే హాలు లోపల ఎగరేసేది, చేశాను. పచారీ కొట్లో తూయిస్తే 118 గ్రాములు. కొట్టతను "చింతపండు పొట్లం పాటి కూడా లేదు కదండీ" అన్నాడు. నేనూ పొంగిపోయాను. హాల్లో వదిలితే ఒక్క చుట్టు కూడా తిరగలేదు, తిన్నగా వెళ్లి స్తంభాన్ని కొట్టింది. ఇంటికొచ్చి ముక్కముక్కా విడిగా తూస్తే గమ్ము ఒక్కటే 11 గ్రాములు తేలింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్ము.

ఎందుకంత పట్టింపో చెప్తాను. రెక్క వైశాల్యం మారకుండా బరువు నాలుగింతలైతే, పడిపోకుండా ఉండడానికి వేగం రెండింతలు కావాలి. 50 సెంటీమీటర్ల పొడుగు, 14 సెంటీమీటర్ల వెడల్పు రెక్క తీసుకో. మొత్తం బరువు 40 గ్రాములైతే సెకనుకి మూడున్నర మీటర్లలోపే తేలుతుంది, అంటే నువ్వు నెమ్మదిగా పరుగెత్తే వేగం. ముప్పై మీటర్ల కల్యాణమండపం ఆ చివరికి చేరడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. అదే రెక్క మీద 160 గ్రాములు పెడితే నాలుగున్నర సెకన్లలో గోడ వచ్చేస్తుంది. తిప్పాలన్న ఆలోచన నీ బుర్రలోంచి బొటనవేలికి దిగే వ్యవధి ఎక్కడుంది? కొత్తవాళ్లు "నాకు చెయ్యి తిరగడం లేదు" అని బాధపడతారు. చేతికేం కాలేదు, విమానమే బరువు.

అందుకని నోటుబుక్కులో పాలవాడి పద్దులా రాసుకో. ఫోమ్ మొత్తం 12, ప్రొపెల్లర్‌తో కలిపి మోటారు 7, రెండు సర్వోలు (తోకలో కదిలే పలకల్ని తిప్పే బుల్లి మోటార్లు) 4, రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది) 3, బ్యాటరీ 5, పుల్లలూ హార్న్‌లూ (సర్వో పుల్లని పలకకి తగిలించే బుల్లి కొమ్ములు) 3, గమ్మూ టేపూ 3, చక్రాలు 2. వెరసి 39. ఎక్కడైనా ఒక గ్రాము మీరితే ఇంకోచోట తగ్గించు. తోక దగ్గర మటుకు పిసినారిగా ఉండు. బరువు నిలిచే చోటు, అంటే వేలి మీద పెడితే విమానం సమంగా నిలిచే చోటు, అక్కణ్ణించి తోక దూరం, ముక్కు దగ్గర. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే దాన్ని సరిచెయ్యడానికి ముక్కులో రెండో మూడో గ్రాములు పెట్టాల్సొస్తుంది. సర్వో తీగలు అవసరమైనంతే ఉంచి, మిగతాది కత్తిరించి టంకం వెయ్యి. నేనైతే సర్వో మీద స్టిక్కరు కూడా పీకేస్తాను. దాంతో ఒరిగేదేం లేదు, మనసుకి తృప్తి.

ఫోమ్ గురించి. మూడు మిల్లీమీటర్ల డెప్రాన్ (పూసలు లేని నున్నటి ఫోమ్) షీటు చదరపు మీటరుకి వంద గ్రాముల పైచిలుకు తూగుతుంది. ఆన్‌లైన్‌లో డెప్రాన్ అనో బయోఫోమ్ అనో అడుగు. నీ మొదటి విమానానికి వాడిన పూసల థర్మాకోల్ తేలికే కానీ పలచగా కోస్తే పూసలు రాలిపోతాయి. స్టేషనరీ కొట్లో దొరికే ఫోమ్‌బోర్డు కొన్నావంటే రెండువైపులా కాగితం తడిపి ఒలిచెయ్యి, దాని బరువులో సగం పైన ఆ కాగితమే. ఒకప్పుడు పెళ్లయిన మర్నాడు మండపం వెనక్కి వెళ్తే స్టేజీకి కట్టిన థర్మాకోల్ హంసలూ ఏనుగులూ మూటలు మూటలు దొరికేవి. 2022 జూలై 1 నుంచి అలంకరణ థర్మాకోల్‌నీ, ఫోమ్ ప్లేట్లనీ నిషేధించారు. కాలవల్లో తేలే చెత్త చూసినవాడిగా మంచిపనే అంటాను. నా ముడిసరుకు పోయిందన్న ఏడుపూ లోపల ఉంది.

గమ్ము దగ్గరే ఎక్కువమంది మునుగుతారు, నేనూ మునిగాను. ఐదు రూపాయల చిన్న ట్యూబులో వచ్చే గమ్ము ఉంటుంది చూడు, చెప్పులు అతికించేది. దాన్ని డెప్రాన్ మీద పెట్టాను. బొట్టు పడ్డచోట తెల్లటి ఫోమ్ చిన్నగా చిటచిటలాడి, నీళ్లు పడ్డ పంచదారలా కిందకి దిగిపోయింది. నా కళ్లముందే రెక్కలో చింతగింజంత గుంట! ఫోమ్‌కి పనికొచ్చే గమ్ము వేరే ఉంటుంది, ఫోమ్‌సేఫ్ అని రాసినదే కొను. మామూలు తెల్ల ఫెవికాల్ ఫోమ్‌ని ఏమీ చెయ్యదు, కానీ వానాకాలంలో మన తేమకి ఆరదు. రాత్రి పెడితే తెల్లారి కూడా లోపల పాలల్లే ఉంటుంది. ఏది వాడినా అగ్గిపుల్ల చివరతో పూసి, రెండు ముక్కలూ నొక్కి, బయటికి ఉబికినదంతా వేలితో తుడిచెయ్యి. ఆ ఉబికినదానికి బలం లేదు, బరువే.

రెక్క వంగకుండా ఒక మిల్లీమీటరు కార్బన్ పుల్ల పెట్టు. కోసేటప్పుడు తడిగుడ్డ చుట్టి కొయ్యి, ఆ నలుసు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. రిసీవర్ యాంటెన్నా తీగని ఆ పుల్ల పక్కనే పడుకోబెట్టకు, కార్బన్ సిగ్నల్‌ని మింగుతుంది. కార్బన్ దొరకలేదా, వెదురు చీలిక చాలు. మన జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు కట్టేవాళ్లు వెదురు చీలుస్తుంటే కూర్చుని చూడు. పచ్చటి పైతోలు పోకుండా లోపలి మెత్తటి భాగాన్నే చెక్కుతారు. నార చిక్కగా ఉండేది ఆ తోలువైపే. నువ్వూ అంతే చెయ్యి. సర్వో నుంచి తోకకి వెళ్లే పుల్లగా ఒకసారి కొబ్బరి ఈనె పెట్టాను. మన తోటలోది, ఊరికే వచ్చేది, గాలికంటే తేలిక. మే నెలలో సూదిలా ఉన్నది జూలైకల్లా వంకర తిరిగింది. విమానం దానంతటదే ఎడమకి పోతుంటే వారం రోజులు రిమోట్‌ని తిట్టుకున్నాను.

తోకలో కదిలే పలకలకి కీలు కొనకు. అంచుని వాలుగా కోసి పారదర్శకమైన టేపు ఒక్కవైపే వెయ్యి. వేసేముందు ఆ పలకని పూర్తిగా వెనక్కి మడిచి పెట్టు, లేకపోతే టేపు బిగుసుకుని సర్వో మూలుగుతుంది. హార్న్‌లకి గడువు తీరిన ఏటీఎం కార్డు ఒక్కటి పదేళ్లొస్తుంది.

ఇప్పుడు చెయ్యబోయే దానికి ఎయిలెరాన్లు, అంటే రెక్క వెనకంచున కదిలే పలకలు, వద్దు. రడ్డర్ (తోకలో కుడి ఎడమలకి తిప్పే నిలువు పలక), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే అడ్డ పలక), మోటారు, ఈ మూడే. రెక్కని మధ్యలో విరిచి రెండు చివర్లూ నాలుగేసి సెంటీమీటర్లు పైకి లేపు. అలా ఉంటే పక్కకి ఒరిగినా తనే సర్దుకుంటుంది. మోటారుని ఒక రవ్వ కిందకీ, ఒక రవ్వ కుడికీ చూసేలా బిగించు. రెండు మూడు డిగ్రీలు చాలు. ప్రొపెల్లర్ వెనకనుంచి చూస్తే గడియారం దిశలో తిరుగుతుంటే విమానం ఎడమకి లాగుతుంది, ఆ వంపు దానికి విరుగుడు.

బరువు నిలిచే చోటు రెక్క ముందంచు నుంచి నాలుగుంబావు సెంటీమీటర్ల దగ్గర రావాలి. రెక్క కింద రెండు చూపుడువేళ్లు పెట్టి ఎత్తు. ముక్కు రవ్వంత వాలితే మంచిదే. ముందుకీ వెనక్కీ బ్యాటరీని జరుపు, సీసం ముక్కలు అంటించకు. తరవాత మోటారు ఆపేసి తలెత్తు నుంచి, ముక్కు కొంచెం కిందకి ఉండేలా పట్టుకుని మెల్లగా తొయ్యి, విసరకు. ఆరేడు మీటర్లు జారి పొట్టమీద దిగితే బావుంది. పాము పడగెత్తినట్టు లేచి ధబ్బున పడిందంటే వెనక బరువు. పది సార్లు ఇదే చెయ్యి. ఇది విసుగు పని, అందుకే ఎవరూ చెయ్యరు, ఆ తరవాత నా దగ్గరికి ముక్కలు పట్టుకొస్తారు.

ఇక ఎక్కడ? ఆషాఢం రానీ. పెళ్లిళ్లుండవు, మండపాలన్నీ ఖాళీ. మూఢం వచ్చినా మనకి పండగే. మా ఊరి మండపం కాపలాదారుణ్ణి అడిగితే "ఆయ్, దానికేముందండీ, కరెంటు డబ్బులిచ్చి ఎగరేసుకోండి" అంటాడు. ఫ్యాన్లు, ఏసీలు అన్నీ కట్టేయించి ఓ పావుగంట ఆగు. ఫ్యాను ఆగినంత తొందరగా గాలి ఆగదు. ధాన్యం గొడౌను మాత్రం వద్దు, ఒక్క పూటలో ఊకదుమ్ము సర్వోలోకి దూరుతుంది. చివర చిక్కం కట్టిన మామిడికాయలు కోసే గెడ ఒకటి వెంట ఉండాలి. షాండ్లియర్ల మీద నా విమానాలు ఎన్ని గంటలు కాపురం చేశాయో లెక్కలేదు. పిల్లలు చుట్టూ చేరతారు, గోడవారగా కూర్చోబెట్టు. ప్రొపెల్లర్ చిన్నదే, కన్ను అంతకంటే మెత్తనిది.

ఎగిరేటప్పుడు ఎత్తు మోటారుతో చూసుకో, ఎలివేటర్‌ని పదేపదే లాగకు. నీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఆలోచించకు, ఏ రెక్క కిందకి వాలిందో రిమోట్ మీది కర్రని ఆ వైపుకే నెట్టు, లేస్తుంది. గోడకి తగులుతుందనిపిస్తే మోటారు ఆపెయ్యి. 40 గ్రాముల విమానం పడితే ఏమీ కాదు, మోటారు తిరుగుతూ పడితేనే విరుగుతుంది.

బ్యాటరీ ఒక సెల్‌ది, 150 ఎంఏహెచ్. నిండితే 4.2 వోల్టులు, 3 కిందకి ఎప్పుడూ దించకు. నాలుగు నిమిషాలకి విమానాన్ని దింపెయ్యి. 150 మిల్లీ ఆంపియర్ల కరెంటుతో ఛార్జి పెట్టు, మట్టి మూకుట్లో పెట్టి పక్కనే కూర్చో. వంటింట్లోకి కూడా వెళ్లకు. ఉబ్బిన బ్యాటరీ ఎంత ఖరీదైనా దాన్ని మళ్లీ వాడకు. వారం ఎగరెయ్యకపోతే 3.8 దగ్గర ఉంచు. ముందు రిమోట్ వెయ్యి, తరవాత విమానం బ్యాటరీ పెట్టు. తీసేటప్పుడు తిరగేసి.

మీ నాన్న లైసెన్సు, పోలీసులు అంటున్నాడుట. 2021 డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాముల లోపువి నానో తరగతి, సరదాకి ఎగరేసేవాళ్లకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ పేరా ప్రింటు తీసి ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టు.

ఆషాఢం మొదటి ఆదివారం పొద్దున్నే ఏడింటికి మండపం తాళం నా దగ్గర ఉంటుంది. విమానంతోపాటు ఆ పద్దుల నోటుబుక్కు కూడా తే, ముందు అది చూస్తాను. మీ అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంది. పనసకాయ మటుకు మీ దొడ్లోంచే తెమ్మంది.

ఇట్లు,
మీ మావయ్య